నది లంకలో ఉక్కు గోళం

నది నడుమ లంకలో కట్టడం కట్టబూనడం ఎంత సాహసమో మన గోదావరి జిల్లాలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఏటేటా వరద వచ్చి లంకను ఒకవైపు కోసుకుపోతుంది, మరొకవైపు మేట వేసిపోతుంది. ఈ ఏడు ఉన్న పొగాకు చేను వచ్చే ఏటికి ఉంటుందన్న పూచీ లేదు. అలాంటిది, నదిలో ఉన్న లంకను మట్టిపోసి పెంచి, దాని పక్కనే లేని లంకను ఒకదానిని సృష్టించి, వాటిమీద మందిరాలు కట్టుకోండని అరవైకి పైగా దేశాలవారిని పిలిచిన ఘనులు కెనడా దేశంలోని మాంట్రియలు నగరంవారు. నది పేరు సెయింట్ లారెన్సు. సందర్భం 1967లో జరిగిన ప్రపంచ ప్రదర్శన. ఏప్రిల్ నెలాఖరునుంచి అక్టోబరు నెలాఖరువరకు ఆరు నెలల్లో 5 కోట్ల 3 లక్షలమంది వచ్చి చూచి వెళ్ళారని లెక్క. అప్పటికి ఆ దేశపు జనాభాయే 2 కోట్లు!

జనవరిలో నాంపల్లి ఎగ్జిబిషను చూచినవారికి తెలుసు, ప్రదర్శన ఎత్తేసిన మర్నాడు ఆ మైదానం ఎలా ఉంటుందో. రేకులు, గుంజలు, చిరిగిన గుడ్డలు. ప్రపంచ ప్రదర్శనల గతీ చివరికి ఇంచుమించు అంతే. మాంట్రియలులో సోవియట్‌వారి మందిరాన్ని విప్పి మాస్కో పట్టుకుపోయారు. ఫ్రాన్సువారిది, క్విబెక్ రాష్ట్రంవారిది రెండూ కలిసి 1993లో జూదశాల అయినాయి. మిగిలినవాటిలో చాలా భాగం మట్టిలో కలిశాయి. పెట్టెమీద పెట్టె పేర్చినట్లు 354 కాంక్రీటు గదులతో కట్టిన ‘హాబిటాట్ 67’ అనే ఇళ్ళ సముదాయం మాత్రం ఎదుటి గట్టున ఇప్పటికీ ఉంది, అందులో మనుషులూ ఉంటున్నారు. ఆ ప్రదర్శనలో కల్లా అందరినోటా పడినది అమెరికావారి మందిరం. అదీ ఉంది. ఉంది అనడంలో కొంచెం పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

మా పెద్దక్కయ్య మనుమడు ఆ ఊళ్ళో ఇంజనీరింగు చదువుతున్నాడు. అక్టోబరులో నేను అటు వెళ్ళినప్పుడు నన్ను తిప్పి చూపించే పని వాడిమీద పడింది. లంకకు వెళ్ళడానికి పడవ అక్కరలేదు. భూగర్భ రైలు నది అడుగునుంచే వెళుతుంది. ఆ రైళ్ళకు రబ్బరు చక్రాలు, చప్పుడు తక్కువ. ఊరి నడిబొడ్డున ఎక్కి ఒక్క స్టేషను ప్రయాణంచేస్తే లంక వచ్చేస్తుంది. ఈ రైలు మార్గాలకోసం నగరం కింద తవ్విన రాయీ మట్టీ తెచ్చి పోసే లంకలను పెంచారు. తవ్విన మట్టి ఎక్కడ పారబోయాలా అని మన మునిసిపాలిటీలు తలలు పట్టుకుంటాయి. వాళ్ళు దానిమీద ప్రపంచ ప్రదర్శన పెట్టారు.

స్టేషను మెట్లెక్కి పైకి రాగానే మేపుల్ చెట్లు. అక్టోబరు కదా, ఆకులన్నీ ఎరుపు, పసుపు, కుంకుమ కలబోసిన రంగు. ఆ కొమ్మల సందునుంచి మొదట కనిపించినప్పుడు అది కట్టడమని తోచదు. ఆకాశంమీద ఎవరో సన్నని నలుపు గీతలతో ముగ్గు వేసినట్లుంటుంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ముగ్గు బరువెక్కుతుంది. గీతలు ఉక్కు గొట్టాలవుతాయి. చివరికి తల పూర్తిగా వెనక్కు వాల్చినా కొస అందదు. ఎత్తు 62 మీటర్లు, అడ్డకొలత 76 మీటర్లు. అంటే ఇరవై అంతస్తుల మేడను లోపల నిలబెట్టవచ్చు. గోళంలో ముప్పాతిక వంతు పైకి ఉండి, అడుగున పాతిక వంతు కోసి నేలమీద బోర్లించినట్లుంటుంది.

దీనిని ఊహించినవాడు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే అమెరికను. 1895లో పుట్టి 1983లో పోయినాడు. హార్వర్డులో చేర్పిస్తే రెండుసార్లు అక్కడినుంచి వెళ్ళగొట్టారు. చివరకు లోకమంతటా విశ్వవిద్యాలయాలు పిలిచి ఉపన్యాసాలిప్పించుకున్నాయనుకోండి. 1969లో ఢిల్లీలో నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చినదీ ఆయనే. ఇల్లు కట్టేవాళ్ళు అందం అడుగుతారు, ఖర్చు అడుగుతారు, బరువెంతని ఎవరూ అడగరేమని ఆయన ఫిర్యాదు. విమానం చేసేవాడు ప్రతి తులమూ లెక్కచూస్తాడు కదా, ఇంటికి మాత్రం ఆ లెక్క ఎందుకు ఉండకూడదు?

ఆయన పట్టుకున్న కీలకం చాలా చిన్నది. నాలుగు కర్రలు మూలమూలకు మేకుతో బిగించి చట్రం చేయండి. ఒక మూల పట్టుకుని నొక్కితే చట్రం పక్కకు వాలిపోతుంది. మూడు కర్రలతో చేయండి. ఎంత నొక్కినా, కర్ర విరగవలసిందేగాని రూపం మారదు. మన పందిళ్ళు వేసేవాళ్ళు గుంజకూ వాసానికీ నడుమ ఏటవాలుగా ఒక కర్ర కట్టేది ఈ రహస్యం తెలిసే. ఫుల్లర్ ఈ త్రికోణాలను బల్లపరుపుగా కాక గోళంమీద పరిచాడు. ఒక ముడిమీద పడిన బరువు చుట్టూ ఉన్న గొట్టాలన్నిటికీ పంచుకుపోతుంది. లోపల స్తంభం అక్కరలేదు. పైగా, ఎంత చోటునైనా అతి తక్కువ గుడ్డతో చుట్టబెట్టాలంటే గోళాన్ని మించిన ఆకారం లేదు. బూరెలు చేసే ఇల్లాలికి ఈ సంగతి ఆయన చెప్పనక్కరలేదు. పిండి తక్కువ, పూర్ణం ఎక్కువ.

1953లో డెట్రాయిటు దగ్గర ఫోర్డు మోటారు కంపెనీవారి గుండ్రటి మందిరానికి నడిమి ముంగిలిమీద కప్పు వేయవలసివచ్చింది. మామూలు పద్ధతిలో వేస్తే 160 టన్నులు, పాత గోడలు మోయలేవు. ఫుల్లర్ ఎనిమిదిన్నర టన్నులలో ముగించాడు. మరుసటి ఏడు ఈ పద్ధతిమీద ఆయనకు పేటెంటు వచ్చింది. 1956లో కాబూలులో జరిగిన సంతకు అమెరికావారు ఇలాంటి కప్పును ఒక్క విమానంలో వేసి పంపారు. ఎప్పుడూ అలాంటిది చూడని ఆఫ్ఘన్ కూలీలు రెండు రోజుల్లో దానిని నిలబెట్టారు. మన దేశంలోనూ 1960ల ఆరంభంలో అహమ్మదాబాదులో కాలికో మిల్లువారికోసం గౌతమ్ సారాభాయి, ఆయన సోదరి గిరా సారాభాయి ఈ తరహా కప్పు కట్టించారు. అది కొన్ని దశాబ్దాలకు శిథిలమై కూలిపోయింది.

మాంట్రియలు గోళం వీటన్నిటికీ పెద్దన్న. దీనికి రెండు పొరల గొట్టాలు. పైపొర త్రికోణాలు, లోపొర తేనెపట్టులాగా ఆరు మూలల గదులు. ఆ గదులకు దాదాపు 1,900 యాక్రిలిక్ పలకలు బిగించారు. యాక్రిలిక్ అంటే గాజులా కనిపించే ప్లాస్టిక్. పగలు ఎండ తగిలితే సబ్బు బుడగలా మెరిసేదట, రాత్రి లోపలి దీపాలతో నదిమీదికి చంద్రుడు దిగినట్లుండేదట. అప్పటి ఫోటోలు చూస్తే ఈ మాటల్లో అతిశయోక్తి లేదని నాకు తోచింది. లోపల ఏడు అంతస్తుల మేరకు వేదికలు, వాటిమధ్య 37 మీటర్ల పొడవున ఎస్కలేటరు. అంత పొడవుది అంతకుముందు లేదని అప్పుడు గొప్పగా చెప్పుకున్నారు. చిన్న రైలు ఒకటి గోళం ఒక పక్కనుంచి దూరి మరొక పక్కనుంచి వెళ్ళిపోయేది. చంద్రలోకంనుంచి తిరిగివచ్చే వాహనాలను గొడుగులతోసహా వేలాడదీశారు. సినిమా తారల బొమ్మలు, ఎల్విస్ ప్రెస్లీ గిటారు, కొత్తరకం చిత్రకారుల నిలువెత్తు పటాలు పెట్టారు. ఇదేం ప్రదర్శన, ఇంతకంటే ఘనమైన వస్తువులు మన దేశంలో లేవా అని నొచ్చుకున్న అమెరికనులూ ఉన్నారు.

నాకు అసలు ఆసక్తి కలిగించినవి ఈ వస్తువులు కావు, ఆ గోళపు చర్మం. చర్మమనే అనాలి. ఫుల్లర్ ఉద్దేశమూ అదే. మన ఒంటికి వేడెక్కితే రంధ్రాలగుండా చెమట పడుతుంది, చలివేస్తే ఆగిపోతుంది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వనక్కరలేదు. ఇల్లు కూడా అలా ఎందుకు ఉండకూడదు? పలకల లోపల త్రికోణపు తెరలు అమర్చి, వాటికి మోటార్లు పెట్టారు. సూర్యుడు ఏ పక్కకు తిరిగితే ఆ పక్క తెరలు తమంతట తామే పరుచుకోవాలి. నీడ పడిన పక్క ముడుచుకోవాలి. పొద్దుతిరుగుడు పువ్వు చేసే పనిని ఇరవై అంతస్తుల ఉక్కుచేత చేయించాలని ఆశ. ప్రకృతినీ యంత్రాన్నీ ఒక్క దేహంలో కలపాలన్న సంకల్పం అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ కట్టి చూపించలేదని నేననుకుంటాను.

తెరలు పనిచేయలేదు. మోటార్లు మొరాయించాయి, కొన్ని తెరలు సగంలో నిలిచిపోయినాయి, చివరకు ఆ ఏర్పాటునే కట్టిపెట్టారు. చర్మం ఉంది, రంధ్రాలు మూసుకుపోయినాయి. ప్లాస్టిక్ బుడగలో ఎండ పడితే లోపల ఏమవుతుందో మీరు ఊహించుకోవచ్చు. మన హైదరాబాదులో సైబరాబాదు వైపు లేచిన గాజు మేడలలో పనిచేసే కుర్రవాళ్ళకు ఈ బాధ తెలుసు. ముందు ఎండను గాజులోంచి లోపలికి ఆహ్వానించడం, ఆ తరువాత కరెంటు ఖర్చుపెట్టి దానితో కుస్తీపట్టడం.

ప్రదర్శన ముగిసిన తరువాత అమెరికావారు గోళాన్ని మాంట్రియలు నగరానికి కానుకగా ఇచ్చివేశారు. నగరంవారు లోపల మొక్కలు పెట్టారు, పక్షులను పెంచారు, జనం టిక్కెట్టు కొనుక్కుని చూచేవారు. కొన్నేళ్ళు అలా గడిచింది.

1976 మే 20. చట్రానికి మరమ్మతు జరుగుతోంది. వెల్డింగు చేస్తుండగా నిప్పురవ్వ పలకకు తగిలింది. యాక్రిలిక్ చూపుకు గాజేగాని స్వభావంలో నూనెకు చుట్టం. అంటుకున్నదంటే ఆగదు. అరగంటలో 1,900 పలకలూ పోయినాయి. ఊరంతటికీ కనిపించేలా నల్లని పొగ లేచింది. ఆనాటి ఫోటోలలో గోళం సగం మంట, సగం మేఘం. పొగ తేలిపోయిన తరువాత చూస్తే ఉక్కు చట్రం నిలబడే ఉంది.

ఇక్కడ ఒక చిత్రమైన పోలిక చెప్పాలి. డెట్రాయిటు దగ్గరి ఫోర్డు మందిరం, ఫుల్లర్ తేలికపాటి కప్పు వేసినది, అదీ 1962 నవంబరులో కాలిపోయింది. అదీ మరమ్మతులోనే. ఆ కప్పు వాన వస్తే కారేది. కారకుండా వేడి తారుపూత పూస్తుండగా అంటుకుంది. ఈ గోళాలకు ఉన్న జబ్బు ఇదే. అతుకులు ఎక్కువ, ప్రతి అతుకూ కారడానికి ఒక దారి. ఎముకలు కట్టడంలో ఫుల్లర్‌ను మించినవాడు లేడు. చర్మం కట్టడం మాత్రం ఆయన జీవితకాలంలో ఎవరికీ పూర్తిగా చేతకాలేదు. ఆ ఎముకల గట్టిదనం ఎటువంటిదంటే, 1985లో రసాయన శాస్త్రజ్ఞులు అరవై పరమాణువుల బొగ్గు అణువును కనుగొని, దాని రూపం ఈ గోళాలను పోలి ఉన్నదని ఆయన పేరే పెట్టారు. ఆ పనికి 1996లో నోబెల్ బహుమతి వచ్చింది.

మంటల తరువాత పద్నాలుగేళ్ళు ఆ చట్రాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చుట్టూ కంచె. శీతాకాలం మంచు లోపలికి పడేది, వసంతంలో కరిగేది. లోపలి వేదికలమధ్య ఎవరూ నాటని మొక్కలు మొలిచి ఉంటాయి. 1990లో కెనడా ప్రభుత్వపు పర్యావరణ శాఖ ముందుకు వచ్చింది. 1995లో అందులో నీటిని గురించి, సెయింట్ లారెన్సు నదిని గురించి చెప్పే ప్రదర్శనశాల తెరిచారు. తరువాత అది మొత్తం పర్యావరణాన్ని గురించినదయింది. 2021నుంచి నగరంవారి ఆధీనంలో ఉంది. వాళ్ళు చేసిన తెలివైన పని ఒక్కటే: చర్మం తిరిగి వేయలేదు. గోళం లోపల మామూలు గోడలతో, మామూలు కప్పుతో వేరే కట్టడం కట్టి, గోళాన్ని గాలికి వదిలేశారు. 1998 జనవరిలో మాంట్రియలు ప్రాంతమంతా మంచువాన కురిసి కరెంటు స్తంభాలు పెద్దపెద్దవి కూడా ముడుచుకుపోయినాయి. అప్పుడు ఈ ప్రదర్శనశాలా దెబ్బతిని కొన్ని నెలలు మూతపడింది. గోళం మాత్రం అంత మంచునూ మోసింది.

లోపలి ప్రదర్శన గురించి ఎక్కువ చెప్పను. వాతావరణం ఎలా మారుతున్నది, మనం ఏంచేయాలి అన్నవి పిల్లలకు అర్థమయ్యేటట్లు పెట్టారు. బాగానే ఉంది. కాని ఆ గదులలో ఉన్నంతసేపూ నా కళ్ళు కిటికీ బయటి గొట్టాలమీదనే ఉన్నాయి.

మా మనుమడితో వాదం అక్కడే వచ్చింది.

“ఫుల్లర్ ముందు పుట్టాడు తాతయ్యా, అంతే. అప్పుడు మోటార్లు సరిగా లేవు. ఇవాళ కంప్యూటరుకు అప్పగిస్తే ఆ తెరలు ఒక్క క్షణం కూడా తప్పకుండా పనిచేస్తాయి. మీరు ఇంగ్లాండులో ఈడెన్ ప్రాజెక్టు చూడలేదా?” అన్నాడు.

చూడలేదుగాని విన్నాను. కార్న్‌వాల్‌లో పింగాణీమట్టి తవ్విన గోతిలో 2001లో తెరిచిన మొక్కల నిలయం. అవీ ఇలాంటి ఆరు మూలల చట్రాలే. పలకలకు బదులు గాలినింపిన పలుచని ప్లాస్టిక్ దిండ్లు బిగించారు. గాజుకంటే చాలా తేలిక. లోపల ఉష్ణమండలపు అడవి పెరుగుతున్నది. అది విజయమే, కాదనను.

“మరి దీనికీ అలాంటి దిండ్లు తొడిగితే?” అన్నాడు వాడు.

“ఎవరికోసంరా?” అన్నాను.

వాడు సమాధానం వెతుక్కుంటుంటే నేను వాడికి మరొక సంగతి చెప్పాను. 1960 ప్రాంతంలో ఫుల్లర్ న్యూయార్కు నడిమధ్యన మూడు కిలోమీటర్ల అడ్డకొలతతో గోళపు కప్పు వేద్దామని పటం గీశాడు. లోపల మంచు పడదు, వాన రాదు, ఇళ్ళకు వేరే వేడి అక్కరలేదు. మంచు ఎత్తిపోసే ఖర్చు మిగిలితే కొన్నేళ్ళలో పెట్టుబడి తిరిగివస్తుందని లెక్కకూడా వేశాడు. మాంట్రియలు గోళం ఆ కలకు నమూనా. మనిషికి ప్రకృతి కావాలి, కాని తడవకూడదు. ఎండ కావాలి, కాని చెమట పట్టకూడదు. అలా వడగట్టిన ప్రకృతి ఎంతమందికి దొరుకుతుంది? గోళం లోపలివాళ్ళకు. బయట ఉన్నవాళ్ళ సంగతి? భూమి అంతా ఒక్క ఓడ, మనమందరం దానిలో నావికులం అని జీవితమంతా ప్రచారం చేసిన మనిషి ఈ ప్రశ్న ఎలా మరిచాడో నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

“మీరు బెజవాడ ఎండలో పుట్టారు కనుక అలా అంటున్నారు. ఇక్కడ జనవరిలో మైనస్ ఇరవైలో బస్సుకోసం నిలబడి చూడండి, ఫుల్లర్ విగ్రహానికి దండ వేస్తారు!” అన్నాడు మా వాడు. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. వాడు అక్కడ చలిలో బతుకుతున్నవాడు, నేను పది రోజుల అతిథిని.

లిఫ్టులో పై అంతస్తుకు వెళ్ళాము. అక్కడ ఆరుబయట వసారా ఉంది. అక్కడినుంచి చూస్తే నది కనిపిస్తుంది. లంకను ఒరుసుకుని పోయే పాయలో ప్రవాహం చాలా వడి. పూర్వం ఓడలు గాలి అనుకూలించకపోతే ఇక్కడ ఎదురెక్కలేక రోజులతరబడి కాచుకునేవట. ఒక త్రికోణంలో జాక్ కార్టియరు వంతెన, మరొక త్రికోణంలో ఎదుటి గట్టు గోదాములు, ఇంకొక దానిలో ఒక్క మేపుల్ చెట్టు నిండుగా. తల తిప్పితే చట్రాలలో పటాలు మారుతుంటాయి. చర్మం ఉన్న రోజులలో ఈ నది లోపలివాళ్ళకు మసకగా, గాజువెనుక బొమ్మలా కనిపించి ఉండాలి. ఇప్పుడు నది గాలి ఒక పక్కనుంచి వచ్చి మరొక పక్కకు పోతున్నది. ఒక పిచ్చుకల గుంపు ఆ రెండు పొరల మధ్యన ఊరేగుతున్నది. ఫుల్లర్ గీసిన రంధ్రాలకంటె ఇవి పెద్దవే.

మేము చూస్తుండగానే సన్నగా చినుకులు మొదలైనాయి. చినుకు మొదట పై ఉక్కు ముడిమీద పడి, గొట్టంవెంట జారి, కింది ముడి దగ్గర ఒక్క క్షణం ఆగి, అక్కడినుంచి మాత్రమే మా మీద పడుతున్నది. మనుమడు రెయిన్‌కోటు టోపీ పైకి లాక్కున్నాడు. వసారా చివర ఫ్రెంచివాళ్ళో, క్విబెక్‌వాళ్ళో, ఒక ముసలి జంట మాట్లాడుకుంటూ నిలబడి ఉన్నారు. భార్య చేతిసంచీలోంచి గొడుగు తీసింది. ప్రపంచంలోకెల్లా పేరుపడ్డ గోళపు కప్పుకింద, ఏ ఆశ్చర్యమూ లేకుండా, ఇద్దరిమీదా గొడుగు విప్పి పట్టుకుని నదిని చూస్తూ ఉండిపోయింది.